ఆటలాడించండి... ఆట పట్టించకండి!

జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచింది మొదలు రెండు మూడు నెలలపాటు పట్టణాల్లోని చర్చిల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు, సీటు దొరికి హాస్టళ్లలో చేరిన పిల్లలు, పని వెతుక్కుంటూ పల్లె విడిచి వచ్చినవారు, ఈ మధ్యనే ప్రభువును తెలుసుకొని ఏ చర్చికి వెళ్లాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయినవారు! వారందరినీ ఒక సాయంత్రం పిలిచి, స్వాగతం పలికి, నాలుగు ఆటలు ఆడించి, రెండు పాటలు, ఒక నాటిక ప్రదర్శించి, భోజనం పెట్టి పంపడం మన సంఘాల్లో మంచి ఆనవాయితీ అయింది. ఆ ఏర్పాట్ల కోసం యౌవనస్థులు మా వద్దకు వచ్చి మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, ఏ ఆటలు పెడదాం?" మేము ఆటల పట్టిక ఇవ్వం. ముందు సమ్సోను పెళ్లివిందు చదివి రమ్మంటాం. వాళ్లు కాస్త వింతగా చూస్తారు గాని చదివే వస్తారు.

సమ్సోను తిమ్నాతులో పెళ్లి విందు చేశాడు. ఏడు రోజుల విందు. ఆ ఊరివారు ముప్ఫైమంది యువకులను తెచ్చి అతనికి తోడుగా కూర్చోబెట్టారు (న్యాయాధిపతులు 14:10-19). కొత్తవారి మధ్య బిడియం పోవాలంటే ఏదో ఒక ఆట ఉండాలి కదా! సమ్సోను ఒక విప్పుడు కథ వేశాడు. విప్పగలిగితే ముప్ఫై నారబట్టలు, ముప్ఫై జతల దుస్తులు అతడిస్తాడు. విప్పలేకపోతే వాళ్లివ్వాలి. సరదా పందెమే! కానీ ఆ కథకు జవాబు భూమ్మీద ఒక్క సమ్సోనుకే తెలుసు. తాను సింహాన్ని చంపిన సంగతి, తర్వాత దాని కళేబరంలో తేనె దొరికిన సంగతి అతడు కన్న తల్లిదండ్రులకే చెప్పలేదు. ఇక ఆ ఊరి యువకులకెలా తెలుస్తుంది? అది తెలివికి పెట్టిన పరీక్ష కాదు, వాళ్లు ఓడిపోవడానికే పెట్టిన పరీక్ష. ఆ అవమానం బెదిరింపుగా మారింది. పెళ్లికూతురిని, ఆమె పుట్టింటిని తగలబెడతామన్నారు. ఆమె ఏడ్చి ఏడ్చి జవాబు రాబట్టి వాళ్లకు చెప్పింది. సమ్సోను మండిపడి అష్కెలోనుకు వెళ్లి ముప్ఫైమందిని చంపి, వారి బట్టలు తెచ్చి పందెం తీర్చాడు. పెళ్లికూతురు మరొకరి పాలైంది. పొడుపుకథతో మొదలైన విందు ముప్ఫై శవాలతో ముగిసింది!

మన స్వాగత సభల్లో శవాలు లేవవు, నిజమే. కానీ లోపలివారికే జవాబు తెలిసిన ఆట పెడితే, బయటినుంచి వచ్చినవాడు చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. ఒక పట్టణ సంఘంలో ఇలాగే జరిగింది. క్రైస్తవేతర కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడిని బైబిలు క్విజ్‌కు పిలిచారు. "బైబిల్లో అతి చిన్న వచనం ఏది?" అని అడిగారు. అతడు బైబిలు చేతబట్టి అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. బిక్కమొహం వేశాడు. సండేస్కూలు పిల్లలు కేకలు వేసి జవాబు చెప్పారు, పెద్దలు నవ్వారు. ఆ నవ్వులో దురుద్దేశం ఏమాత్రం లేదు. కానీ అతడు మరుసటి ఆదివారం రాలేదు, ఆ మరుసటి ఆదివారమూ రాలేదు. "ఎందుకు మానేశాడో, విశ్వాసంలో స్థిరం లేనట్టుంది" అని ఒకరిద్దరు అన్నారు కూడా! క్రీస్తు ఒక ఆత్మను తన రక్తమిచ్చి కొని గుమ్మం దాకా తెచ్చాడు. మనం ఒక క్విజ్ ప్రశ్నతో ఆ గుమ్మం దాటించి పంపేశాం. ఎంత ఖరీదైన నవ్వు అది!

దీనికి మందు కూడా బైబిల్లోనే ఉంది. రూతు బేత్లెహేముకు కొత్తగా వచ్చింది. పరదేశి, విధవరాలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. బోయజు భోజనవేళ ఆమెను పిలిచి కోతవాళ్ల పక్కన కూర్చోబెట్టి తినిపించాడు. ఆమె లేచి వెళ్లాక తన పనివాళ్లకు రెండు ఆజ్ఞలిచ్చాడు: ఆమెను ఎవ్వరూ అవమానపరచకూడదు, పైగా ఆమె ఏరుకోవడానికి పనల్లోంచి కావాలనే కొన్ని పరకలు లాగి పడెయ్యాలి (రూతు 2:14-16). ఆ మాట రూతు చెవిన పడలేదని గమనించండి. ఆమెకు తెలిస్తే అది భిక్ష అవుతుంది. తెలియదు గనుక అది ఆమె కష్టార్జితమైంది! స్వాగత సభకు ముందు జరిగే ప్లానింగ్ మీటింగుకు ఇంతకంటే మంచి నమూనా లేదని మా అభిప్రాయం. కొత్తవారు రాకముందే మన కుర్రవాళ్లకు చెప్పవలసినవి చెప్పెయ్యాలి, పడెయ్యవలసిన పరకలు ముందే పడెయ్యాలి.

క్విజ్‌లో పరకలు పడెయ్యడం ఎలాగంటే, బైబిలంతా కాకుండా ఒక్క అధ్యాయం తీసుకోవాలి. దాన్ని అక్కడే బిగ్గరగా, నెమ్మదిగా చదివించాలి. ప్రశ్నలన్నీ ఆ చదివిన భాగంలోనుంచే అడగాలి. ముప్ఫై ఏళ్ల డీకనూ, మూడు వారాల కొత్త విశ్వాసీ ఒకే గీత మీద నిలబడతారు. చాలాసార్లు కొత్తవాడే గెలుస్తాడు కూడా! మత్తయి సువార్త రెండో అధ్యాయం చదివించి, "తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ఎందరు?" అని అడిగి చూడండి. పాతవాళ్లందరూ ముక్తకంఠంతో "ముగ్గురు!" అంటారు. కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్న కొత్తమనిషి మెల్లిగా చెయ్యెత్తి, "ఎందరో అందులో చెప్పలేదండీ" అంటాడు. కానుకలు మూడు గనుక మనుషులూ ముగ్గురేనని మన క్రిస్మస్ నాటికలు మనకు నేర్పాయి, వాక్యం కాదు! "శిశువును ఎక్కడ చూశారు?" అన్న ప్రశ్నకు కూడా పాతవాళ్లు పశువుల తొట్టి అనే చెబుతారు. మత్తయి మాత్రం వాళ్లు ఇంట్లోకి వచ్చారని రాశాడు. అప్పుడు పుట్టే నవ్వు పెద్దల మీద పుడుతుంది. పెద్దలు తట్టుకోగలరు, ఆ మాత్రం వేళ్లు వాళ్లకున్నాయి.

అసలు విషయం ఇదే. నవ్వు ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న, ఆ నవ్వుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న. మన భాషలోనే ఎంత చక్కటి తేడా ఉందో చూడండి. ఒకరితో ఆడుకోవడం వేరు, ఒకరిని ఆట పట్టించడం వేరు. మాట ఒక్కటే, మధ్యలో మనిషి స్థానం మారిపోతుంది. హీబ్రూలోనూ అంతే. 'సాహక్' అనే క్రియ ఉంది. కొత్త యెరూషలేము వీధుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటూ ఉంటారని ప్రవక్త చెప్పిన చోట (జెకర్యా 8:5) ఆ మాటే ఉంది. కళ్లు పీకించుకున్న సమ్సోనును చెరసాలనుంచి తెప్పించి, తమకు వినోదం చేయమని దాగోను గుడిలో ఫిలిష్తీయులు గోల చేసిన చోటా (న్యాయాధిపతులు 16:25) ఆ మాటే ఉంది. ఒకనాడు పెళ్లివిందులో జవాబు లేని ఆట పెట్టినవాడే చివరికి ఇతరుల విందులో తానే ఆటవస్తువయ్యాడు.

ఇక మన ప్రభువు సంగతి! ఆయనను పట్టుకున్న మనుషులు ఆ రాత్రి ఆయన కళ్లకు గంతలు కట్టి, కొట్టి, ఎవరు కొట్టారో ప్రవచించి చెప్పమన్నారు (లూకా 22:63-64). గంతలు కట్టి, తాకిందెవరో చెప్పమనే ఆట మన పిల్లలూ ఆడతారు. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట 'ఎంపైజో'లో 'ఆడుకోవడం' అనే అర్థమిచ్చే మాటే దాగి ఉంది. పదిమంది నవ్వుకోవడానికి ఒక మనిషిని మధ్యలో నిలబెట్టడం అంటే ఏమిటో క్రీస్తు అనుభవించాడు. ఆయన పేరిట పెట్టే సభలో మధ్యలో నిలబడ్డ కొత్తమనిషి కళ్లకు గంతలు కట్టేముందు ఒక్క క్షణం ఆగాలి కదా!

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. "పరిచయం" పేరుతో, "సరదాకే" అన్న ముసుగులో కొత్త విద్యార్థులను హింసించే ర్యాగింగ్‌ను ఆపడానికి 1997లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే తేవలసి వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు విధించింది. హాస్టలు నుంచి మన చర్చికి వచ్చిన పిల్ల అక్కడ సీనియర్ల ముందు బెదిరి, ఇక్కడైనా ఊపిరి పీల్చుకుందామని వస్తుంది. ఇక్కడా స్టేజీ మీదికి పిలిచి, "సిగ్గు పడకమ్మా, ఒక డాన్స్ చెయ్యి, లేకపోతే పనిష్మెంట్" అంటే ఆ పిల్ల దృష్టిలో రెండు చోట్లకూ తేడా ఏముంది? "వద్దు" అనే హక్కు లేని ఆట ఆట కాదు. ఇంత చిన్న నియమం సభ మొదట్లోనే నవ్వుతూ ప్రకటిస్తే సగం భయం తీరిపోతుంది.

"అసలు చర్చిలో ఆటలేమిటండీ?" అనే పెద్దలూ ఉన్నారు. వారి భక్తిని మేము గౌరవిస్తాం గాని వారితో ఏకీభవించం. ధర్మశాస్త్రంలో పండుగ ఆచరించమన్న చోట సంతోషించమని ఆజ్ఞ ఉంది. ఎవరెవరు సంతోషించాలో కూడా వరసగా ఉంది. కొడుకులు, కూతుళ్లు, దాసదాసీలు, లేవీయులు, వారితోపాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు (ద్వితీయోపదేశకాండము 16:14). ఊరికే అన్నం పెట్టి పంపమనలేదు, వాళ్లు సంతోషించాలన్నాడు! ఇక ఆటల విషయానికొస్తే, ఇవాళ మన పల్లెల్లో సాయంత్రమైతే వల కట్టి ఆడే వాలీబాల్ ఎక్కడ పుట్టిందనుకున్నారు? 1895లో అమెరికాలో ఒక వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ దాన్ని తయారుచేశాడు. బాస్కెట్‌బాల్ కూడా వై.ఎం.సి.ఎ. బిడ్డే. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ రెండు పండ్ల బుట్టలు వేలాడదీసి ఆడించాడు. ఆయన వేదాంత కళాశాలలో చదివినవాడు. మన దక్షిణాదిన 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యాలయం ప్రారంభించాడు. ఇందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. బంతి పట్టుకున్నవాడిని మీదపడి కూలదోయడం పాత ఆటల్లో మామూలు. బంతితో పరుగెత్తనివ్వకపోతే ఎవరూ ఎవరినీ కూలదోయనక్కర్లేదని నైస్మిత్ ఆలోచించాడు. బాస్కెట్‌బాల్ శ్రమ తట్టుకోలేని పెద్దవయసు వ్యాపారుల కోసం మోర్గాన్ వాలీబాల్‌ను ఆలోచించాడు. ఎవరికి దెబ్బ తగులుతుంది, ఎవరు ఆడలేరు అని ముందు చూసి, ఆ తర్వాత నియమాలు రాశారు! స్వాగత సభకు ఆటలు ఎంచేవారు పట్టుకోవలసిన సూత్రం ఇదే.

ఈ సూత్రంతో కుర్చీలాటను పరీక్షించండి. మన సభల్లో అది లేకుండా జరగదు. పది మందికి తొమ్మిది కుర్చీలు. పాట ఆగగానే దూకినవాడికి కుర్చీ, తటపటాయించినవాడు బయటికి. తటపటాయించేది ఎవరు? చీర సర్దుకుంటూ నిలబడిన కొత్త కోడలు, వయసు మళ్లినాయన, ఇతరులను తోసి కూర్చోవడం మర్యాద కాదనుకునే పల్లెటూరి మనిషి. స్వాగతం పేరుతో పెట్టిన మొదటి ఆటలో మొట్టమొదట బయటికి పోయేది కొత్తవారే! బంగారు ఉంగరం వాడికి మంచి కుర్చీ వేసి, మాసిన బట్టలవాడిని అక్కడెక్కడో నిలబడమన్న సంఘాన్ని యాకోబు గద్దించాడు (యాకోబు 2:1-4). కుర్చీ విషయంలో మనం జాగ్రత్తగా ఉండాలి! అదే ఆటను కాస్త తిప్పి ఆడవచ్చు. ప్రతిసారీ కుర్చీ తీసేయండి, మనిషిని మాత్రం తీయకండి. మిగిలిన కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. మగవారికి ఒక గుంపు, ఆడవారికి ఒక గుంపు పెడితే ఇబ్బంది ఉండదు. చివరికి రెండు కుర్చీల చుట్టూ పదిమంది ఒకరినొకరు పట్టుకుని, పడకుండా నిలబడి పగలబడి నవ్వుతారు. ఒక్కరు పడితే అందరూ ఓడినట్టే.

పేర్ల గొలుసు అని ఇంకో ఆట ఉంది, ఇది మాకు మరీ ఇష్టం. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. మొదటివారు తమ పేరు చెబుతారు. రెండోవారు మొదటి పేరు, తమ పేరు చెబుతారు. అలా సాగి సాగి చివరివారు అందరి పేర్లూ చెప్పాలి. చాలాచోట్ల పెద్దలను గౌరవంగా ముందు కూర్చోబెట్టి, ఆలస్యంగా వచ్చిన కొత్తవారిని చివర కూర్చోబెడతారు. ఒక్క ముఖమూ తెలియనివాడి నెత్తిన ముప్ఫై పేర్ల మూట! తిరగేయండి. కొత్తవారు ముందు కూర్చోవాలి. వారి పేరు అందరి నోటా పదేపదే వినబడుతుంది. ఆ తర్వాత సంఘ సభ్యులు, పెద్దలు, అందరికంటే చివర కాపరి. తప్పితే శిక్ష కాపరికే. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి. తాను అప్పటికి అడుగుపెట్టని ఊళ్లో ఇరవైమందికి పైగా విశ్వాసులను పేరుపేరునా తలచుకొని వందనాలు పంపాడు. అపొస్తలునికి లేని మరపు మనకెందుకు?

పరిచయాల గురించి కాస్త కటువుగానే చెప్పాలి. మైకు చేతికిచ్చి "మీ పేరు, ఊరు చెప్పండి" అనడం వరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత కింద కూర్చున్నవారిలో ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంటిపేరు ఏమిటండీ?" ఆ ప్రశ్న ఎందుకు పుడుతుందో అడిగినవారికీ తెలుసు, చెప్పవలసినవారికీ తెలుసు, మనందరికీ తెలుసు. కులం పేరు నోట పలకకుండా కులం కనుక్కునే దారి అది. క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని లేదని పులిపీఠం మీదినుంచి ప్రకటించి, పులిపీఠం కింద ఇంటిపేర్లు ఆరా తీస్తే ఆ స్వాగతం ఎవరిని నమ్మిస్తుంది? తర్వాత ప్రశ్నలు కూడా అంతే. "మీవారు రాలేదా?" "పిల్లలెంతమంది?" పదేళ్లుగా సంతానం కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్న దంపతులు, భర్త వదిలేసిన చెల్లెలు నూరుమంది ముందు మైకు పట్టుకుని ఏం చెప్పాలి? మేమైతే మైకు పరిచయాలు మానేశాం. పాత సభ్యుడొకరు, కొత్తగా వచ్చినవారొకరు పది నిమిషాలు టీ తాగుతూ మాట్లాడుకుంటారు. తర్వాత పాత సభ్యుడే లేచి కొత్తవారిని పరిచయం చేస్తాడు. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది కొత్తవారి ఇష్టం. "ఈమె పచ్చళ్లు బాగా పెడతారట" అన్న పరిచయం చాలు, స్త్రీల మైత్రి వాళ్లు సభ ముగిసేలోగా స్నేహితులైపోతారు.

ప్రదర్శనల దగ్గరికి వస్తే, యౌవనస్థుల స్కిట్లలో ఒక మనిషి తప్పకుండా ఉంటాడు. లుంగీ పైకి కట్టి, తువ్వాలు తలకు చుట్టి, యాసలో మాట్లాడే అమాయకుడు. హైదరాబాదు సభలో అయితే అతనిది శ్రీకాకుళం యాస, కోస్తాలో అయితే తెలంగాణ యాస. అతడు నోరు తెరిస్తే నవ్వులు. ఎదుట మూడో వరసలో నిజంగా ఆ యాస మాట్లాడే కొత్తమనిషి కూర్చుని ఉంటాడు. ఇక అతడు ఆ చర్చిలో నోరు తెరిచి ప్రార్థన చేస్తాడా? యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు ఒక్క మాట పలికించి మనుషులను వేరుచేశారు. 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అన్నవాడల్లా చచ్చాడు. ఎఫ్రాయిమీయులు 42,000 మంది కూలిపోయారు (న్యాయాధిపతులు 12:5-6). వాళ్లు పరాయివాళ్లు కూడా కాదు, ఒకే దేవుని ప్రజలు! యాసను బట్టి మనిషిని కొలవడం అంత పాత జబ్బు.

నవ్వించడం చేతకావాలంటే మన బుర్రకథను చూడాలి. మన సంఘాల్లో యోసేపు కథ, తప్పిపోయిన కుమారుడి కథ బుర్రకథగా చెప్పే బృందాలు ఎన్నో ఉండేవి, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. కథకుడికి ఇద్దరు వంతలు. అందులో ఒకడు హాస్యగాడు. అతడు ప్రేక్షకుల మీద జోకులు వేయడు, కథకుడికి అడ్డుతగులుతాడు, తెలియనట్టు ప్రశ్నలడుగుతాడు, చీవాట్లు తింటాడు. నవ్వంతా బృందంలోనే పుట్టి, బృందం మీదే పడుతుంది. ఇంకో గొప్పతనం ఆ తందాన తాన పల్లవి. ఒక్కసారి వింటే చాలు, పాటల పుస్తకం చూడనివాడూ, చదువురానివాడూ రెండోసారి గొంతు కలుపుతాడు. కొత్తవారికి స్థలమిచ్చే కళ అంటే అదీ! అంత్యాక్షరికి ఆ గుణం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చిన్ననాటి నుంచి నోటికొచ్చినవారే అందులో గెలుస్తారు. పెట్టవద్దని అనం గాని స్వాగత సభకు అది సరైన ఆట కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొత్తగా బాప్తిస్మం పొందినవారిని లేపి సాక్ష్యం చెప్పించడం కూడా మెల్లగా ఒక ప్రదర్శన అయిపోతోంది. పాత పాపాలు ఎంత ఘాటుగా చెబితే అంత చప్పట్లు! పైగా ఎదురుగా పది సెల్‌ఫోన్లు. సభ ముగియకముందే ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, యూట్యూబ్‌లోకి ఎక్కుతుంది. ఆ అమ్మాయి చర్చికి వస్తున్న సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదేమో! ఆ కుర్రవాడు తాగుడు మానిన కథ రేపు అతని యజమాని చూస్తాడేమో! మనకు అది ఐదు నిమిషాల ఉత్సాహం, వారికి అది ఇల్లు, ఉద్యోగం, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే సంగతి. అడగకుండా ఫోను ఎత్తకూడదని, ప్రత్యక్ష ప్రసారం ఆపేసి సభ మొదలుపెట్టాలని పెద్దలు గట్టిగా నియమం పెట్టాలి. సాక్ష్యం పండడానికి సమయం పడుతుంది. పచ్చికాయను కోసి పంచిపెట్టడంలో తొందరెందుకు?

స్వాగతం వేరు, స్నేహం వేరు అని మన తెలుగు సంఘ చరిత్రలో చెప్పిన మహానుభావుడొకరున్నారు. వి.ఎస్. అజరయ్య. తమిళనాట పుట్టి, తెలుగు నేర్చుకొని దోర్నకల్ ప్రాంతానికి పరిచర్యకు వచ్చినవారు. అంటే ఆయనే మన మధ్యకు వచ్చిన కొత్తమనిషి! 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి నిలబడి, మిషనరీల త్యాగాలను మెచ్చుకుంటూనే, మాకు కావలసింది స్నేహితులని అడిగారు. ఆస్తులిచ్చినవారు, ప్రాణాలిచ్చినవారు ఉన్నారు. పక్కన కూర్చునేవారే కరవయ్యారు! నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న ఇంకా మన చర్చి మెట్ల మీదే కూర్చుని ఉంది.

అందుకే భోజనాల దగ్గర మేము గట్టిగా ఉంటాం. కొత్తవారందరికీ ఒక ప్రత్యేకమైన బల్ల వేసి, పూలగుత్తి పెట్టి, అక్కడ కూర్చోబెడితే చూడ్డానికి గౌరవంగా ఉంటుంది గాని వాళ్లు వాళ్లతోనే తిని వెళ్లిపోతారు. ప్రతి వరసలో ఇద్దరు పాతవాళ్ల మధ్య ఒక కొత్తవారు కూర్చోవాలి. వడ్డన సంఘ పెద్దలది. ఇంకో మాట: తన ఇంట విందు చేసి, ప్రభువును, తన పాత స్నేహితులను ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాడు లేవీ (లూకా 5:27-29). సుంకపు మెట్టు వదిలి అప్పుడే వచ్చిన కొత్తవాడు! మన సభల్లో కొత్తవారు ఎప్పుడూ తీసుకునేవారే, మనం ఎప్పుడూ ఇచ్చేవారమే. వారి చేతిలో కూడా ఏదో ఉందని మనకు తోచదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ సాయంత్రం ఆ సంఘంలో పాతవాళ్లెందరు, కొత్తవాళ్లెందరు లెక్కేసుకోండి! మనం తరతరాల క్రైస్తవులమని మురిసిపోయే కుటుంబాలు చాలావరకు అలాంటి ఏదో ఒక ఒడ్డున తడిబట్టలతో నిలబడ్డ కొత్తవారి సంతానమే.

ఈ ఆలోచనతోనే మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. గత సంవత్సరం స్వాగతం అందుకున్నవారే ఈ సంవత్సరం స్వాగత సభ నడపాలి. ఏది నొప్పి పెట్టిందో వారికే బాగా తెలుసు. ఈసారి వాళ్లు మొదట చేసిన పని స్టేజీ తీసేయడం. హాలు మధ్యలో చాపలు పరిచారు. ఉపన్యాసాలను ఐదు నిమిషాలకు కుదించారు, అందులో కాపరిదీ ఒకటి! మూకాభినయం పెట్టి, సినిమా పేర్లు, బైబిలు పేర్లు రెండూ మానేసి, అందరికీ తెలిసిన ఇంటి పనులు ఇచ్చారు: గోంగూర వలవడం, గ్యాస్ బండ మోయడం, ఆర్‌టీసీ బస్సులో సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేయడం. డెబ్బై దాటిన మా సంఘ కోశాధికారి గారు తువ్వాలు వేసిన తీరు చూసి పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. ఆఖరున ఆరుబయట తాడులాట. ఒక పక్క కమిటీ పెద్దలు, ఒక పక్క నర్సింగ్ హాస్టలు పిల్లలు. పిల్లలు చెప్పులు విడిచి, కాళ్లు నేలకు తన్నిపట్టి, ఒకటి రెండు మూడు అంటూ ఒకేసారి లాగారు. కమిటీ మొత్తం గీత దాటి ఇసుకలో బోర్లా పడింది. ఇసుక దులుపుకుంటూ లేచిన కార్యదర్శి గారు ఆ పిల్లల నాయకురాలిని అడిగిన మొదటి మాట, "ఏమ్మా, నీ పేరేమిటి?" ఇంటిపేరు అడగలేదు. వచ్చే ఆదివారం తమ ఇంటికి భోజనానికి రమ్మని ఆరుగురినీ పిలిచారు, వాళ్లు వెళ్లారు కూడా.